ఎడమ మలుపులో హారన్

శనివారం

కారు మరమ్మతు షెడ్డు యజమాని గారికి,

నమస్కారములు.

ముందుగా నా తెలుగు గురించి ఒక మనవి. నేను పగలు నీటి సరఫరా కార్యాలయంలో గుమాస్తాగిరీ చేస్తూ, రాత్రి బడిలో చదువుకున్నవాణ్ణి. నలభై దాటిన తరువాత పట్టా పుచ్చుకున్నవాడి భాషలో లోపాలు ఉండక తప్పదు. అక్షరదోషాలు, అన్వయదోషాలు కనిపిస్తే మన్నించి, విషయాన్ని మాత్రం గ్రహించవలసిందిగా కోరుతున్నాను.

విషయం ఏమనగా, మొన్న బుధవారం నా కారును సర్వీసు నిమిత్తం మీ షెడ్డుకు పంపి ఉన్నాను. స్టీరింగు వదులుగా ఉన్నదని, దానిని విప్పి లోపల అరిగిపోయిన బుష్ అనే కడియాన్ని మార్చినట్లు మీరు చీటీ రాసి పంపారు. స్టీరింగు వదులు తగ్గిన మాట వాస్తవం. అందుకు ధన్యవాదాలు. అయితే ఆనాటి నుంచి స్టీరింగును పూర్తిగా ఎడమకు తిప్పినప్పుడల్లా హారన్ దానంతట అదే మోగుచున్నది. కుడి వైపు తిప్పినప్పుడు ఏ సమస్యా లేదు. సర్వీసుకు ముందు ఈ అవలక్షణం నా కారుకు లేదు.

మీరు నా సొంత తమ్ముడన్న సంగతి ఈ ఫిర్యాదుకు అప్రస్తుతం. మన మధ్య కొన్ని నెలలుగా మాటలు లేవన్న సంగతి కూడా అప్రస్తుతమే. ఈ ఊళ్ళో ఇంత పాత కారు కడుపులో ఏమున్నదో తెలిసిన మెకానిక్కు మీరొక్కరే కనుక, ఒక కస్టమరుగా మాత్రమే రాస్తున్నాను. తగు చర్య తీసుకోగలరు.

ఇట్లు,
మీ కస్టమరు

తా.క. ఈ ఉత్తరం తెస్తున్నది నా భార్య. ఆమెను వంటింటి దాకా పిలిచి కబుర్లు చెప్పి పంపుతారో, గేటు దగ్గరే ఉత్తరం అందుకుంటారో మీ ఇష్టం. ఆమె ఎవరి పక్షమో నాకు పెళ్ళయిన కొత్తలోనే తెలిసిపోయింది.

*

ఆదివారం

మహారాజశ్రీ పట్టభద్రులు కస్టమరు గారికి,

షెడ్డు యజమాని గ్రీజు చేతులు తుడుచుకుని రాసుకునేది. కాగితం మీద మరకలుంటే అవి కూడా అన్వయదోషాలే అనుకుని మన్నించండి.

మీ కారు నా దగ్గర్నుంచి వెళ్ళేటప్పుడు హారన్ నొక్కితే మోగింది, నొక్కకపోతే నోరు మూసుకుంది. నేను చూసే పంపాను. దానంతట అది మోగుతోందంటున్నారు. సరే. కానీ నిన్న సాయంత్రం మా ఇంటి ముందు మలుపులో మీరు బారెడు పొడుగున మోగించుకుంటూ పోయారే, అదీ దానంతట అదేనా? ఇన్ని నెలలు మా గడప వైపు తల తిప్పని మనిషి, పోతూపోతూ జమీందారు గుర్రబ్బండిలా అంత హోరు పెట్టుకుంటూ పోతే మేమేమనుకోవాలి? ‘నేను పోతున్నాను చూడండి, మీ గుమ్మం మాత్రం ఎక్కను’ అన్నట్టుంది.

నేను సరే, దులిపేసుకుంటాను. మనిద్దరికీ అన్నం కలిపి పెట్టి పెంచిన అక్క ఉంది కదా లోపల. ఆవిడ పిండి కలుపుతూ కలుపుతూ, ‘పెద్దోడొచ్చాడు’ అని ఆ చేతులతోనే గేటు దాకా పరుగెత్తింది. చూపు సరిగ్గా ఆనక దారిలో పూలకుండీని తన్నుకుంది. వెళ్ళేసరికి మీ కారు పొగ తప్ప ఏమీ లేదు. ఆ పొగ వైపే కాసేపు చెయ్యి ఊపి లోపలికొచ్చింది.

ఇంజిను ఆపి, స్టీరింగు మెల్లగా ఎడమకి తిప్పి చూసి, ఎక్కడ మోగుతుందో రాయండి.

ఇట్లు,
మీ షెడ్డువాడు

తా.క. గేటుకి పిండి అంటుకుని అట్టకట్టింది. అక్క కడగనివ్వడం లేదు. పెద్దోడొస్తే చూపిస్తుందట.

*

మంగళవారం

షెడ్డు యజమాని గారికి,

నమస్కారములు. మీ ఉత్తరంలో నాపై మోపిన అభియోగాన్ని ఖండిస్తున్నాను.

మీ ఇంటి ముందు నేను హారన్ మోగించలేదు. నా కార్యాలయం నుంచి నా ఇంటికి పోయే సందు మీ గేటు ముందరే ఎడమకు తిరుగుతుంది. అది ఆ సందు నిర్మాణ దోషం. అంత ఇరుకు మలుపులో స్టీరింగును చివరిదాకా తిప్పక తప్పదు. తిప్పగానే మోగుతుంది. ఇందులో జమీందారీతనం ఏమీ లేదు.

మీరు సూచించిన విధంగా ఇంజిను ఆపి పరీక్ష చేశాను. చక్రం చివరిదాకా తిరిగిన చోట మోగుతోంది. వెనక్కి తిప్పితే ఆగుతోంది. ఈ పరీక్ష జరుపుతుండగా ఎదురింటి రిటైర్డు మేష్టారు బయటికి వచ్చి, ఎవరి కోసం అన్నిసార్లు పిలుస్తున్నారని అడిగారు. ఎవరి కోసమూ కాదన్నాను. ఆయన నమ్మలేదు.

ఇది ఇంతటితో ఆగలేదు. నిన్న ఉదయం కార్యాలయం ఆవరణలో ఎడమకు తిరుగుతుండగా మా పై అధికారి ముందు నడుస్తున్నారు. హారన్ మోగింది. ఆయన చేతిలోని ఫైళ్ళు గాలిలోకి లేచాయి. పదోన్నతి జాబితా తయారవుతున్న ఈ రోజుల్లో, ఆయన నన్ను పిలిచి, ‘పట్టా వచ్చాక హోరు పెరిగిందే’ అన్నారు.

మనసులోని మాట దాచుకోవడం నాకు చేతకాదు. ఆ రోజు నలుగురిలో నన్ను మీరన్న మాట తరువాత నేను భోజనం చేయకుండా లేచి వెళ్ళినందుకు కక్షతో, ఈ తీగను మీరే ఈ విధంగా కలిపి ఉంటారని నాకు అనుమానం కలుగుతున్నది. నిన్న సాయంత్రం నుంచే నేను ఎడమ మలుపులు మానేశాను, కాదని మీరు రుజువు చేసే వరకు ఇంతే. కుడి మలుపులు మాత్రమే తీసుకుని, మార్కెట్టు చుట్టూ తిరిగి ఇల్లు చేరుతాను. దూరమైనా గౌరవంగా ఉంటుంది.

ఇట్లు,
కస్టమరు

తా.క. నాకు పట్టా వచ్చిన సందర్భంగా అక్క ఏర్పాటు చేసిన విందులో, అందరి ఎదుట మీరు, ‘మా అన్నయ్యకి పట్టా వచ్చింది, ఇక రివర్సు గేరు కూడా వస్తే పరిపూర్ణుడు’ అన్నారు. ఆ మాట నేను మరచిపోలేదని కాదు, గుర్తుంచుకున్నానని తెలియజేయడానికి ఈ తాజా కలం.

*

బుధవారం

కస్టమరు గారికి,

చదివాను. రెండుసార్లు చదివాను. మూడోసారి వదిన లాక్కుని చదివి, ‘మీ ఇద్దరినీ ఒకే గోనెసంచిలో కట్టి ఆ మలుపులోనే పడేయాలి’ అంది.

కక్షతో తీగ కలిపానంటారా? నా చేత్తో బిగించిన బండి మీద నేనే పగ తీర్చుకుంటానా? మాటలు నా మీద ఎన్నయినా వేయండి, పని మీద వేయకండి. స్టీరింగు విప్పినప్పుడు హారన్ తీగ ఎక్కడో నలిగి, పైపొర ఊడి ఇనుముకి తగులుతోంది. అంతకన్నా పెద్ద కథ లేదు. కారు పంపండి, అరపూటలో సరిచేస్తాను.

ఇక అసలు సంగతి. మీరు మార్కెట్టు చుట్టూ గౌరవంగా తిరగడం మొదలెట్టాక ఇక్కడ ఏం జరుగుతోందో తెలుసా? అక్క సాయంత్రం కాగానే కుర్చీ తెచ్చుకుని గేటు దగ్గర కూర్చుంటోంది. ఆ రోజు తను ఆలస్యంగా వచ్చిందని మీకు కోపమొచ్చిందట. అందుకే పిలవడం మానేశారట. ఇప్పుడు ముందుగానే వచ్చి కూర్చుంటే మళ్ళీ పిలుస్తారట. ‘అది పిలుపు కాదక్కా, బుష్ మార్చిన లోపం’ అని చెప్పి చూశాను. ‘నీకు బుష్షులు తప్ప మనుషులు అర్థం కారు’ అంది.

ఇంకొకటి. ఆవిడ కళ్ళలో శుక్లాలు ముదిరిపోయాయి. డాక్టరమ్మ వచ్చే వారం శుక్రవారం ఆపరేషన్ పెట్టింది. ఇప్పటికే ఒకసారి వాయిదా వేశాం, ఇంకా ఆలస్యమైతే చేయడం కష్టమంటోంది. అక్క మాత్రం ఒక్కటే పట్టు. అన్నదమ్ములిద్దరూ ఈ ఇంట్లోంచి కలిసి తీసుకెళ్తేనే కదులుతుందట. ‘కట్టు విప్పగానే ఇద్దరూ ఒకచోట కనపడాలి. లేకపోతే ఈ మసకే నయం’ అంది. నేను నవ్వుతూ రాయడం లేదు.

ఇట్లు,
షెడ్డువాడు

తా.క. ఆ రోజు మీరు వదిలేసి వెళ్ళిన విస్తరి ముందు అక్క చాలాసేపు కూర్చుంది. తర్వాత అందులోదంతా నా చేత తినిపించింది. నాకు రెండు రోజులు ఒంట్లో బాగాలేదు. ఈ సంగతి మీకు ఎవరూ చెప్పలేదనుకుంటాను.

*

శనివారం

షెడ్డు యజమాని గారికి,

నమస్కారములు. నా భార్య కారును మీ వద్దకు నడుపుకుని వచ్చి, తిరిగి తీసుకువచ్చింది. ఆమె కారును మీ షెడ్డులోకి వెనక్కి నడిపి ఒకేసారిలో పెట్టినట్లు, అందుకు మీరు చప్పట్లు కొట్టినట్లు ఆమే చెప్పింది. ఆ చప్పట్ల అంతరార్థం నాకు తెలియకపోలేదు. ఉపేక్షిస్తున్నాను.

నలిగిన తీగను తీసి కొత్తది వేసినట్లు మీరు పంపిన చీటీ చూశాను. పాత తీగ ముక్కను కూడా కాగితంలో చుట్టి పంపారు. దానిని భూతద్దంతో పరిశీలించాను. అది రాపిడి వలన కలిగిన గాయమే తప్ప ఉద్దేశపూర్వకంగా చేసినది కాదని నిర్ధారణ అయినది. నా అనుమానాన్ని ఈ వాక్యంతో ఉపసంహరించుకుంటున్నాను.

నిన్న కార్యాలయం ఆవరణలో ఎడమకు తిరిగాను. నిశ్శబ్దం. బ్యాంకు మలుపులో నిశ్శబ్దం. ఆసుపత్రి మలుపులోనూ నిశ్శబ్దమే. ఎంతో ఊరట కలిగి, మార్కెట్టు చుట్టూ పోకుండా మీ సందులోకి వచ్చాను. మీ గేటు ముందు మలుపు తిప్పగానే మోగింది.

ఎక్కడా మోగనిది అక్కడే ఎందుకు మోగినదో బోధపడడం లేదు. మరొక విశేషం. మీ మరమ్మతు తరువాత హారన్ కంఠం బాగుపడినట్లున్నది. మునుపు జలుబు చేసినట్లు ఉండేది. ఇప్పుడు గంభీరంగా ఉన్నది. దానిని శుభ్రం చేసి ఉంటే అందుకు ప్రత్యేక ధన్యవాదాలు. కానీ లోపం లోపమే.

అక్క కంటి సంగతి తెలిసి మనసు వికలమైనది. శుక్రవారం నాడు నేను సెలవు పెట్టి నేరుగా ఆసుపత్రికి రాగలను. మీ గడపలోకి రావడం మాత్రం వేరు విషయం. అందుకు నలుగురిలో అన్న మాటను రాతపూర్వకంగా వెనక్కి తీసుకోవడం అవసరమని భావిస్తున్నాను.

ఇట్లు,
కస్టమరు

తా.క. మోగినప్పుడు అక్క గేటు దగ్గరికి వచ్చి చెయ్యి ఊపింది. నేను కూడా చెయ్యి బయటపెట్టాను. మలుపు తిరిగేటప్పుడు చేతితో సంజ్ఞ చేయడం రహదారి నియమం.

*

ఆదివారం

కస్టమరు గారికి,

మీ సంజ్ఞ చాలా బాగుందట. ‘పెద్దోడు చెయ్యి చిక్కిపోయింది’ అని అక్క రాత్రి అన్నం తినేటప్పుడు చెప్పింది. కనపడని కళ్ళకి చెయ్యి చిక్కడం ఎలా కనపడిందో నన్నడక్కండి.

ఇక హారన్ సంగతి. నేనూ చాలా ఆలోచించాను. కొన్ని ప్రశ్నలు. పొద్దున కూడా మోగుతోందా, సాయంత్రమే మోగుతోందా? అద్దాలు దించితే మోగుతోందా, ఎక్కిస్తే మోగుతోందా? మీరు బాగా మెల్లగా వస్తే ఎక్కువసేపు మోగుతోందా? మెల్లగానే రండి. ఆ మలుపులో వేగంగా పోవడం కారుకి మంచిది కాదు. నా అనుభవంలో కొన్ని బండ్లు కొన్ని రోడ్లకి అలవాటు పడిపోతాయి. ఇది అలాంటిదే అయ్యుండాలి. కంగారు పడాల్సింది లేదు. రోజూ అటే వస్తూ గమనిస్తూ ఉండండి. దారి మార్చితే జబ్బు అంతు చిక్కదు.

రాతపూర్వకంగా అంటున్నారు. రాతంటే నాకు భయమని తెలిసే అంటున్నారు. ఆలోచిస్తాను.

ఇట్లు,
షెడ్డువాడు

తా.క. నేను ఆ పూట మిమ్మల్ని ఏడిపించడానికి అనలేదు. నల్ల గౌను వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని మీరు గుమ్మంలో నిలబడితే, నేను మొహం తిప్పుకుని చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాను. ఏదో ఒకటి అనకపోతే అందరి ముందూ పరువు పోయేలా ఉంది. నోటికొచ్చింది ఆ గేరు మాట.

*

మంగళవారం

షెడ్డు యజమాని గారికి,

నమస్కారములు. మీ ప్రశ్నలకు వరుసగా సమాధానాలు. ఉదయం మోగదు. సాయంత్రమే మోగుతుంది. అద్దాలతో సంబంధం లేదు. మెల్లగా వస్తే ఎక్కువసేపు మోగుతుంది. నిన్న మీ గేటు ముందు పూర్తిగా ఆగి చూశాను. నేను ఆగినంతసేపూ మోగి, అక్క గేటు దగ్గరికి చేరగానే ఆగిపోయింది.

కారు రోడ్డుకు అలవాటు పడుతుందన్న మీ సిద్ధాంతం నేను చదివిన భౌతికశాస్త్ర పుస్తకంలో లేదు. కావున ఈ రోజు మధ్యాహ్నం మా కార్యాలయం ఎలక్ట్రీషియన్ సాయంతో బానెట్టు తెరిచి, హారన్‌కు పోయే తీగను పీకి, చివర టేపు చుట్టించాను. తరువాత మీట నొక్కి చూశాను. చప్పుడు లేదు. ఈ స్థితిలో సాయంత్రం మీ మలుపుకు వచ్చాను.

మోగింది.

తీగ లేని హారన్ మోగడానికి శాస్త్రీయమైన కారణాన్ని వీలైనంత త్వరగా తెలియజేయగలరు.

ఇట్లు,
కస్టమరు

తా.క. నా భార్యను ఈ విషయమై సంప్రదించగా, ఆమె దిండులో ముఖం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. కారణం చెప్పలేదు.

*

బుధవారం

అన్నగారైన కస్టమరు గారికి,

తీగ పీకేశారా? అయ్యో, అలా ఎందుకు పీకారు? సరే, పీకారు కాబట్టి చెప్తున్నాను. కొన్ని పాత హారన్లలో కరెంటు నిలవ ఉంటుంది. కుండలో నీళ్ళలాగ. తీగ తీసినా అడుగున కాస్త మిగులుతుంది. ఎడమకి వంగినప్పుడు ఒలుకుతుంది. ఇది పుస్తకాల్లో ఉండదు, పుస్తకాలు రాసేవాళ్ళు కార్ల కింద పడుకోరు కాబట్టి. తీగ మళ్ళీ పెట్టేయండి, హారన్ లేకుండా తిరగడం ప్రమాదం. మలుపు మాత్రం మానకండి.

ఎల్లుండే శుక్రవారం. డాక్టరమ్మ పొద్దున్నే రమ్మంది. అక్క సంచి సర్దలేదు. సర్దబోతే లాక్కుని మంచం కింద పెట్టేసింది. నేను బతిమాలాను, కోప్పడ్డాను. చివరికి ఆవిడ నా చెవి మెలేసి, ‘వాడొచ్చి చెప్తే సర్దుతా’ అంది. ఇంత వయసొచ్చాక చెవి మెలేయించుకున్నానని మీకు తెలిస్తే మీకైనా కాస్త సంతోషం కలుగుతుందని రాస్తున్నాను.

రాతపూర్వకంగా అడిగారు కదా. ఇదిగో. మా అన్నయ్యకి రివర్సు గేరు రాదని నేనన్న మాటని వెనక్కి తీసుకుంటున్నాను. ఆయనకి అన్ని గేర్లూ వచ్చు. ఇది ఒత్తిడి లేకుండా రాసిందే, అక్క పక్కన లేదు. రండి అన్నయ్యా.

ఇట్లు,
మీ తమ్ముడు

తా.క. రేపు గురువారం స్పేర్ పార్టుల కోసం పక్క ఊరు వెళ్తున్నాను. షెడ్డు మూసి ఉంటుంది, రాత్రికి గానీ రాను. అంచేత రేపు సాయంత్రం మీ హారన్ మోగకపోతే కంగారు పడకండి.

*

గురువారం

చిన్నోడా,

ఈ సంబోధనలో కస్టమరు మర్యాద లోపించినట్లు తోస్తే క్షమించు. ఇంతకన్నా మంచి తెలుగు మాట నాకు దొరకలేదు.

ముందు నీ తాజా కలం గురించి. నువ్వు ఊళ్ళో లేకపోతే నా కారు హారన్ మోగదని నువ్వే రాశావు. నేను రాత్రి బడిలో చదివినది ఎంత తక్కువైనా, ఆ వాక్యాన్ని అర్థం చేసుకోవడానికి సరిపోతుంది. నిజానికి నాకు మంగళవారమే తెలుసు. తీగ పీకిన హారన్ మోగిన క్షణంలోనే, ఆ శబ్దం నా ముందు నుంచి కాక, నా ఎడమ పక్కన మీ ఇంటిని ఆనుకుని ఉన్న షెడ్డు గోడ వెనుక నుంచి వస్తున్నదని గ్రహించాను. బ్యాటరీకి ఏదో హారన్ తగిలించుకుని గోడ వెనుక కూర్చుని ఉంటావు. నువ్వు మొండివాడివన్న సంగతి తెలుసు గానీ, రోజూ సాయంత్రం పని ఆపుకుని గోడ వెనుక నక్కేంత మొండివాడివని తెలియదు. అయినా నిన్ను శాస్త్రీయ కారణం అడిగాను. ఏం కల్పిస్తావో చూడాలనిపించింది. కుండలో కరెంటు బాగుంది.

తెలిసి కూడా ఎందుకు ఊరుకున్నానంటే, అక్క చెయ్యి ఊపుతున్నది. అంతకు మించి నా వద్ద కారణం లేదు. మార్కెట్టు దారిన పోతే ఇల్లు త్వరగా చేరుతానన్న సంగతి కూడా ఇప్పుడు చెప్పవచ్చును. దూరమని రాసింది అబద్ధం.

ఇప్పుడు ఈ సాయంత్రం సంగతి. నీ షెడ్డుకు తాళం ఉన్నది. నా హారన్‌కు తీగ లేదు. మలుపు తిప్పాను. ఏమీ మోగలేదు. పిలుపు లేదు కనుక అక్క బయటికి రాదనుకుని, అయినా అలవాటు చొప్పున తల తిప్పి చూశాను. అక్క గేటు దగ్గర నిలబడి ఉన్నది. చెయ్యి ఊపుతున్నది.

నేను దాటి పోయాను. కాస్త దూరం పోయి ఆగాను. ఆ ఇరుకు సందులో కారును తిప్పడానికి చోటు లేదు. వెనక్కి రావడానికి ఉన్నది ఒకటే మార్గం. నువ్వు వెనక్కి తీసుకున్న ఆ గేరే.

వేశాను. అద్దంలో చూస్తూ, మెడ తిప్పి చూస్తూ, ఎటు తిప్పితే ఎటు పోతుందో తెలియక చెమటలు కక్కుతూ వచ్చాను. నాకు వెనుక నుంచి అక్క గొంతు వినిపిస్తూనే ఉన్నది.

“కారు చప్పుడు దగ్గరకొస్తోందే. వెనక్కి వస్తున్నావా పెద్దోడా? రా, రా. ఇంకొంచెం. ఇంకొంచెం. ఆగు.”

ఆ ‘ఆగు’ కాస్త ఆలస్యమైనది. మీ గేటు ఎడమ స్తంభానికి నా కారు తగిలింది. స్తంభం వంగింది. గేటు తనంతట తానే తెరుచుకున్నది. అక్క లోపలి నుంచి, “సరేలే, గేటు నువ్వే తీశావు కదా, ఇక లోపలికి రా” అన్నది.

కారు దిగి ఆమె ఎదుట నిలబడ్డాను. నా ముఖం ఆమెకు కనబడలేదు. చేతులతో తడిమి, చెంపలు లోపలికి పోయాయని తిట్టింది. తరువాత గేటు మీద ఎండిన పిండి చూపించింది. నేను హారన్ మోగలేదు కదా, ఎందుకు బయటికి వచ్చావని అడిగాను. ఆమె చెప్పిన మాట ఇక్కడ ఉన్నదున్నట్లు రాస్తున్నాను.

“నీ కారు చప్పుడు నాకు సందు మొదట్లోనే తెలుస్తుందిరా. ఆ హారన్ నీది కాదు. నీదానికి జలుబు గొంతు. ఇది షెడ్డు వెనక నుంచి వస్తుంది. పాపం చిన్నోడు నన్ను బయటికి రప్పించాలని తంటాలు పడుతున్నాడు. ముందే వచ్చి నిలబడితే చిన్నబుచ్చుకోడూ? అందుకని వాడు మోగించేదాకా తలుపు వెనక నిలబడి ఉంటాను. ఇవాళ వాడు లేడు కదా, నేరుగా వచ్చేశాను.”

చిన్నోడా, నేను ఆమె కోసం ఊరుకున్నాను. నువ్వు గోడ వెనుక కూర్చున్నావు. ఆమె నీ కోసం తలుపు వెనుక నిలబడింది. ముగ్గురమూ కలిసి నడిపిన కారు అది. నా పట్టా ఇందులో ఏమీ సాయపడలేదు.

ఈ సంగతి నీకు నోటితో చెప్పవద్దని అక్క నా చేత చేతిలో చెయ్యి వేయించుకున్నది. నోటితో చెప్పడం లేదు. రాస్తున్నాను. మాట తప్పినట్లు కాదని నా అభిప్రాయం.

సంచి సర్దాము. ఆమె మంచం కింద నుంచి తీసి ఇచ్చింది. నేను భోజనం అక్కడే చేశాను. ఆ రోజు వదిలేసిన దానితో కలిపి రెండు పూటలది తినిపించింది. నీకు కొంచెం మిగిల్చాను. నాకు ఒంట్లో బాగాలేకపోతే ఎందుకో నీకు తెలుస్తుంది.

రేపు తెల్లవారగానే కారు తీసుకుని వస్తాను. అక్క వెనుక సీటులో కూర్చుంటుంది. మీ వదిన ఆమె పక్కన. నువ్వు ముందు, నా పక్కన కూర్చోవాలి. ఆసుపత్రి దగ్గర కారు నిలిపే చోట వెనక్కి పెట్టవలసి ఉంటుంది. అది నువ్వు చూసుకో. నీ రాతపూర్వక పత్రాన్ని మడిచి ఈ కవరులోనే తిరిగి పంపుతున్నాను. నాకు ఆ గేరు రాదన్న మాట వాస్తవమే. స్తంభం సాక్షి.

నీ
అన్నయ్య

తా.క. స్తంభం వంగుటకు మీ సర్వీసు కారణం కాదు. ఈ విషయమై ఫిర్యాదు ఏమీ లేదు.

మరొక తా.క. ఈ ఉత్తరం ఎవరెవరు ఏ వరుసలో చదవాలో చెప్పి ముగిస్తాను. ముందు నువ్వు చదువు. చదివి, ఏమీ తెలియనట్లు ఉండు. నీకది కష్టమని తెలుసు, అయినా ప్రయత్నించు. మీ వదినకు ఇవ్వనక్కరలేదు. కవరు అంటించక ముందే చదివేసింది, అక్కడక్కడా తడి మరకలు ఆమెవి. తరువాత దీనిని నీ చొక్కా జేబులో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకురా. కట్టు విప్పిన రోజు, ముందు మనిద్దరం ఆమె ఎదుట ఒకచోట నిలబడదాం. చూడవలసినంతసేపు చూడనీ. ఆ తరువాత దీనిని అక్క చేతికివ్వు. చదివి వినిపించవద్దు. తానే చదవాలి.